మూడేళ్ల ఎల్‌ఎల్‌బీలో ఏం చదవాలి, ఏం పూర్తి చేస్తే డిగ్రీ వస్తుంది: సింగరాయకొండ తమ్ముడికి జవాబు

ఈ ప్రశ్న అడిగిన తమ్ముడిది సింగరాయకొండ. వయసు 31. ఇంటర్ తర్వాత అంబేద్కర్ ఓపెన్ యూనివర్సిటీలో డిగ్రీ చేసి, ఒంగోలులో ప్రైవేటు ఉద్యోగం చేస్తున్నారు. లాసెట్ (లా కాలేజీల ప్రవేశ పరీక్ష) రాస్తే నెల్లూరులో మూడేళ్ల ఎల్‌ఎల్‌బీలో సీటు వచ్చింది. "కాలేజీకి ఎప్పుడో ఒకసారి వెళ్తే చాలు, పరీక్షల ముందు గైడ్లు చదువుకోవచ్చు అంటున్నారు. ఏయే పేపర్లు ఉంటాయి, డిగ్రీ చేతికి రావాలంటే ఏమేం పూర్తి చేయాలి, ఆ తర్వాత నల్లకోటు వేసుకోవడానికి ఇంకేం కావాలి?" అని అడిగారు.

నేను చాలా ఏళ్లుగా నెల్లూరు కోర్టుల్లో సివిల్ ప్రాక్టీసు చేస్తున్నాను. మా ఆఫీసుకు జూనియర్లు, ఇంటర్న్‌షిప్ పిల్లలు వస్తూనే ఉంటారు. వాళ్లను చూసిన అనుభవంతో చెప్తున్నాను. ఈ కోర్సులో సుమారు 30 పేపర్లుంటే, అందులో నాలుగు క్లినికల్ పేపర్లు, అంటే చేసి చూపించాల్సినవి. అందరూ తేలిగ్గా తీసుకునేది వాటినే, రికార్డు రాసి ఇచ్చేస్తే మార్కులు పడతాయని. నన్నడిగితే ఈ డిగ్రీకి ప్రాణం ఆ నాలుగు పేపర్లే. మిగతావన్నీ వాటికి కావాల్సిన సరంజామా. మొదటి సెమిస్టరు నుంచే అలా చూసుకుని చదివినవాళ్లు కోర్టులో త్వరగా నిలబడతారు.

ముందు మీ అర్హత సంగతి. ఓపెన్ యూనివర్సిటీ డిగ్రీతో లా చదవొచ్చా అని చాలామందికి టెన్షన్. లా చదువుకు, లాయర్లకు నియమాలు పెట్టే బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2008 నిబంధనల ప్రకారం అడ్డంకి ఒక్కటే: పదో తరగతి, ఇంటర్ లేకుండా నేరుగా ఓపెన్‌లో డిగ్రీ చేసినవాళ్లకు లా సీటుకు అర్హత లేదు. పది, ఇంటర్ వరసగా పాసై, ఆ తర్వాత దూరవిద్యలో డిగ్రీ చేసినవాళ్లకు ఇబ్బంది లేదు. కాబట్టి మీకు భయం అక్కర్లేదు. ఇంటర్ మెమో మాత్రం జాగ్రత్తగా పెట్టుకోండి, ఎన్‌రోల్‌మెంట్ (లాయరుగా పేరు నమోదు) రోజున మళ్లీ అడుగుతారు. డిగ్రీలో జనరల్ వాళ్లకు 45 శాతం, ఓబీసీలకు 42, ఎస్సీ, ఎస్టీలకు 40 శాతం ఉండాలి. లాసెట్‌లో ర్యాంకు వచ్చినా ఈ శాతం లేకపోతే సీటు నిలవదు. 31 ఏళ్ల వయసు గురించి ఆలోచించకండి. పిల్లల్ని బడికి పంపి వచ్చి లా క్లాసులో కూర్చున్నవాళ్లు మంచి ప్లీడర్లయ్యారు.

ఇక అసలు చిక్కు మీ ఉద్యోగం. "కాలేజీకి వెళ్లకపోయినా ఫర్వాలేదు" అన్న మాట నమ్మొద్దు. ఎల్‌ఎల్‌బీకి దూరవిద్య లేదు, పార్ట్‌టైమ్ లేదు, ఈవెనింగ్ కాలేజీ లేదు. నిబంధనల ప్రకారం క్లాసులు ఉదయం 8 నుంచి సాయంత్రం 7 లోపే జరగాలి. సెమిస్టరుకు కనీసం 15 వారాలు, వారానికి 30 గంటలకు తగ్గకుండా బోధన ఉండాలి. ప్రతి సబ్జెక్టులోనూ 70 శాతం హాజరు కావాలి. గట్టి కారణం ఉంటే ప్రిన్సిపాల్ మినహాయింపు ఇవ్వొచ్చు. అప్పుడు కూడా ఆ సబ్జెక్టులో 65 శాతం, అన్ని సబ్జెక్టులూ కలిపితే 70 శాతం ఉండాల్సిందే. వీటికితోడు 2024 సెప్టెంబరులో బార్ కౌన్సిల్ ఇంకో సర్క్యులర్ ఇచ్చింది. చదువుతూ ఉద్యోగం చేస్తుంటే ఆ సంగతి విద్యార్థి రాసివ్వాలి, యజమాని నుంచి అభ్యంతరం లేదని లేఖ తేవాలి. ఒకేసారి రెండు రెగ్యులర్ డిగ్రీలు చదవడం కూడా కుదరదు.

కాబట్టి ఒంగోలులో పగటి ఉద్యోగం, నెల్లూరులో రెగ్యులర్ కోర్సు రెండూ పొసగవు. దీనికి అడ్డదారి చెప్పేవాళ్లు మీ మేలు కోరేవాళ్లు కాదు. కంపెనీని రాత్రి షిఫ్టు అడగండి. నెల్లూరులో సాయంత్రం పని దొరుకుతుందేమో చూడండి. ఇంట్లో పరిస్థితి అందుకూ ఒప్పుకోకపోతే ఏడాది ఆగి, కాస్త డబ్బు కూడబెట్టుకుని మళ్లీ లాసెట్ రాయండి. ఆ పరీక్షలో 120 ప్రశ్నలు, 90 నిమిషాలు, నెగటివ్ మార్కులు లేవు, తెలుగులోనూ ప్రశ్నలుంటాయి. ఒకసారి ర్యాంకు తెచ్చుకున్న మీకు రెండోసారి కష్టమేమీ కాదు. ఏడాది ఆలస్యమైతే అయ్యింది, మూడేళ్లు కాగితం మీద మాత్రమే చదివితే వచ్చే నష్టం అంతకంటే చాలా పెద్దది.

ఇప్పుడు పేపర్లు. తప్పనిసరి సబ్జెక్టులు ఇరవై. జూరిస్‌ప్రుడెన్స్ (న్యాయ సిద్ధాంతం), కాంట్రాక్టు చట్టం రెండు పేపర్లు, టార్ట్స్ (ఒకరి తప్పుతో ఇంకొకరికి జరిగిన నష్టానికి పరిహారం; మోటారు ప్రమాదాలు, వినియోగదారుల రక్షణ ఇందులోనే వస్తాయి), కుటుంబ చట్టాలు రెండు పేపర్లు, రాజ్యాంగం రెండు పేపర్లు, ఆస్తి చట్టం, సాక్ష్య చట్టం, శిక్షాస్మృతి, క్రిమినల్ ప్రొసీజర్, సివిల్ ప్రొసీజరుతో పాటు లిమిటేషన్ (దావా గడువులు), అడ్మినిస్ట్రేటివ్ లా, కంపెనీ లా, అంతర్జాతీయ చట్టం, పన్నులు, పర్యావరణం, కార్మిక చట్టాలు రెండు పేపర్లు. ఏ సెమిస్టరులో ఏది వస్తుందో యూనివర్సిటీని బట్టి మారుతుంది. విక్రమ సింహపురి యూనివర్సిటీ కింది కాలేజీ వరస, ఆంధ్రకేసరి యూనివర్సిటీ కింది కాలేజీ వరస ఒకటే కానక్కర్లేదు. ఐదేళ్ల కోర్సులో ఇవే లా పేపర్లు, వాటితోపాటు బీఏ లేదా బీబీఏ సబ్జెక్టులు ఉంటాయి. మీకు అది అక్కర్లేదు కాబట్టి అక్కడితో వదిలేస్తాను.

పుస్తకాలు కొనేటప్పుడు జాగ్రత్త. సీనియర్ల దగ్గర తక్కువకు వస్తున్నాయని పాత క్రిమినల్ గైడ్లు తెచ్చుకుంటున్నారు. 2024 జూలై 1 నుంచి ఐపీసీ స్థానంలో భారతీయ న్యాయ సంహిత, సీఆర్‌పీసీ స్థానంలో భారతీయ నాగరిక సురక్షా సంహిత, ఎవిడెన్స్ యాక్టు స్థానంలో భారతీయ సాక్ష్య అధినియమ్ వచ్చాయి. హత్యకు శిక్ష చెప్పే 302 ఇప్పుడు 103. అందరి నోట్లో నలిగిన 420 ఇప్పుడు 318(4). అంతకంటే గందరగోళం 482తో. పాత సీఆర్‌పీసీలో 482 అంటే కేసు కొట్టేయమని హైకోర్టుకు వెళ్లే సెక్షను. కొత్త సంహితలో 482 అంటే ముందస్తు బెయిలు, హైకోర్టు అధికారాలు 528కి వెళ్లాయి. అలాగని పాతది పారేయకండి. 2024 జూలై 1కి ముందు జరిగిన నేరాలకు ఐపీసీనే వర్తిస్తుంది, ఆ కేసులు ఇంకా కొన్నేళ్లు నడుస్తాయి. కార్మిక చట్టాల్లోనూ పెద్ద మార్పు వచ్చింది. నాలుగు లేబర్ కోడ్‌లు 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చాయి. పన్నుల్లో 1961 చట్టం పోయి 2025 ఆదాయపు పన్ను చట్టం వచ్చింది, 2026 ఏప్రిల్ 1 నుంచి అమలు. గైడు మీద ముద్రణ సంవత్సరం చూడకుండా డబ్బు ఇవ్వొద్దు. బేర్ యాక్టులు (వ్యాఖ్యానం లేకుండా చట్టం ఒక్కటే ఉండే పుస్తకాలు) మాత్రం కొత్తవే కొనండి.

ఈ ఇరవై పేపర్లను విడివిడిగా బట్టీ పడితే పరీక్ష తర్వాత ఏదీ మిగలదు. మన ప్రాంతంలో రోజూ కనిపించే ఒక దావా తీసుకుని చదివి చూడండి. అల్లూరు వైపు ఒక రైతు రొయ్యల గుంటలకు మేత కోసం 2022 మార్చి 10న మూడు లక్షలు అప్పు తీసుకుని, నూటికి రెండు రూపాయల వడ్డీకి ప్రామిసరీ నోటు రాశాడనుకోండి. పంట దెబ్బతింది, డబ్బు తిరిగి రాలేదు. అప్పిచ్చినాయన మీ దగ్గరకు వచ్చి నోటు బల్ల మీద పెట్టాడు. ముందు ఏం చూస్తారు?

రెవెన్యూ స్టాంపు ఉందా లేదా చూస్తారు. స్టాంపు లేని ప్రామిసరీ నోటును జరిమానా కట్టినా సాక్ష్యంలోకి తీసుకోరు. ఆ తర్వాత తేదీ చూస్తారు. గడువు మూడేళ్లు, 2025 మార్చితో తీరిపోయింది. ఇక్కడే చాలామంది "దావా పోయింది" అని నోటు వెనక్కి ఇచ్చేస్తారు. నోటు తిప్పి వెనక చూడాలి. 2024 ఫిబ్రవరిలో పదివేలు కట్టినట్టు రైతు సంతకంతో చెల్లు ఉంటే, లిమిటేషన్ చట్టం 19వ సెక్షను ప్రకారం ఆ రోజు నుంచి మళ్లీ మూడేళ్లు లెక్క. గడువు లోపలే పడిన చెల్లు కాబట్టి దావా బతికే ఉంది. అక్కడ నుంచి రైతు ఏ కోర్టు పరిధిలో ఉంటాడు, నోటు ఎక్కడ రాశారు అన్నది సివిల్ ప్రొసీజర్. కోర్టు ఫీజు ఎంత అన్నది 1956 నాటి మన రాష్ట్ర చట్టం. రైతు జవాబుదావాలో "నోటు మీద సంతకం నాదే కానీ డబ్బు ముట్టలేదు" అంటే నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 118వ సెక్షను, డబ్బు ముట్టిందనే కోర్టు ముందుగా భావిస్తుంది, కాదని చూపాల్సింది రైతే. "చెల్లు మీద సంతకం నాది కాదు" అంటే సాక్ష్య చట్టం. రైతు తరఫున వాదించాల్సి వస్తే కోర్టులో "యాక్ట్ 4 ఆఫ్ 38" అని పిలిచే రైతు రుణ ఉపశమన చట్టం, వడ్డీ తగ్గించమని అడగడానికి. ఒక్క కాగితం మీద ఇన్ని పేపర్లు ఉన్నాయి. కాంట్రాక్టు చట్టం మొదటి ఏడాది చదివేటప్పుడే ఇలా ఒక నోటు ముందు పెట్టుకుంటే, చివరి ఏడాది సివిల్ ప్రొసీజర్ మిమ్మల్ని భయపెట్టదు.

తప్పనిసరి పేపర్ల మీద ఆరు ఆప్షనల్స్ ఉంటాయి. బార్ కౌన్సిల్ చాలా గ్రూపులు ఇచ్చింది: రాజ్యాంగం, వ్యాపారం, అంతర్జాతీయ వాణిజ్యం, నేరాలు, మేధోసంపత్తి వగైరా. వీటిలో వ్యవసాయ చట్టాల గ్రూపు కూడా ఉందని మన పిల్లలకు ఎవరూ చెప్పరు. భూచట్టాలు, విత్తనాలు, ఎరువులు, సాగునీరు, వ్యవసాయ రుణాలు, మార్కెటింగ్, పంటల బీమా అందులో పేపర్లు. కాలేజీ కొన్నింటినే బోధిస్తుంది కాబట్టి ఎంపిక పూర్తిగా మీ చేతిలో ఉండదు. ఉన్నంతలో భూచట్టాలు, బ్యాంకింగు, బీమా తీసుకోండి. మీరు ప్రాక్టీసు పెట్టబోయేది అసైన్డ్ భూముల తగాదాలు, రొయ్యల గుంటల లీజులు, పొగాకు రైతుల అప్పులు, చీమకుర్తి గ్రానైటు లారీల ప్రమాదాలు ఉన్న చోట. పేరు గొప్పగా వినిపిస్తుందని అంతర్జాతీయ వాణిజ్యం తీసుకుంటే దాన్ని వాడే రోజు ఇక్కడ రావడం కష్టం.

క్లినికల్ పేపర్లు నాలుగు: డ్రాఫ్టింగ్, ప్లీడింగ్, కన్వేయన్సింగ్ ఒకటి. వృత్తి నీతి, అకౌంటింగ్ ఒకటి. ప్రత్యామ్నాయ వివాద పరిష్కారం ఒకటి. మూట్ కోర్టు (కల్పిత కేసు మీద వాదన), ఇంటర్న్‌షిప్ కలిపి ఒకటి.

డ్రాఫ్టింగ్‌లో 15 ప్లీడింగులకు 45 మార్కులు, 15 దస్తావేజులకు 45, వైవాకు (మౌఖిక పరీక్షకు) 10. అంటే దావా, జవాబుదావా, మధ్యంతర దరఖాస్తు, అఫిడవిట్, బెయిలు పిటిషను, అప్పీలు వంటివి ఒకవైపు. అమ్మకం, తనఖా, కౌలు, వీలునామా, దానం, జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ) వంటివి ఇంకోవైపు. ఇవి మీ చేత్తో మీరు ఆలోచించి రాయాలి. క్లాసులో సగం మంది రికార్డుల్లో ఒకే వాది, ఒకే ప్రతివాది, ఒకే సర్వే నంబరు కనిపిస్తాయి. ఒకరు రాసింది అందరూ దింపుకుంటారు, హద్దుల్లో తూర్పు పడమరలు తారుమారైనా అలాగే. వాళ్లు పాసవుతారు, నాకు తెలుసు. కానీ సన్నదు (లాయరు లైసెన్సు) తీసుకున్న మొదటి నెలలో ఎవరో పెద్దాయన పొలం హద్దు గొడవతో వస్తే ఇంజంక్షన్ దావాలో (ఎదుటివాళ్లను ఆపమని అడిగే దావాలో) షెడ్యూలు, అంటే ఆస్తి వివరాలు, రాయలేక ఆగిపోతారు. ఆ పెద్దాయనకు ఉన్నది ఆ పొలం ఒక్కటే అయి ఉండొచ్చు. అందుకే ఈ విషయంలో నేను పిల్లల మీద కోప్పడతాను. మీ ఊళ్లో మీ నాన్నగారి పొలం పాసుపుస్తకం తీసి, దాని హద్దులతో ఒక అమ్మకం దస్తావేజు రాసి చూడండి. తర్వాత దస్తావేజు లేఖరి దగ్గర కూర్చుని పోల్చుకోండి.

మూట్ కోర్టు పేపరు మూడు ముక్కలు, ఒక్కోదానికి 30 మార్కులు, పైన వైవాకు 10. మొదటిది కనీసం మూడు మూట్‌లు, ఒక్కోదానిలో రాతకు 5, వాదనకు 5. రెండోది ఒక సివిల్, ఒక క్రిమినల్ కేసు విచారణ స్వయంగా చూసి రాయడం. మూడోది లాయరు ఆఫీసులో గానీ న్యాయసహాయ కార్యాలయంలో గానీ కక్షిదారుతో మాట్లాడే తీరు రెండుసార్లు చూసి డైరీలో రాయడం, కేసు కాగితాలు తయారై ఫైలింగు దాకా ఎలా వెళ్తాయో గమనించి రాయడం.

విచారణ చూడటానికి చివరి సెమిస్టరు దాకా ఆగకండి. సివిల్ కేసులో చీఫ్ (సాక్షి తన తరఫున చెప్పే సాక్ష్యం) ఒక రోజు, క్రాస్ (ఎదుటి లాయరు ప్రశ్నలు) ఇంకో వాయిదాకు, ఆర్గ్యుమెంట్లు నెలల తర్వాత ఉంటాయి. రెండో ఏడాది మొదట్లోనే ఒక కేసు ఎంచుకుని, దాని సీఎన్‌ఆర్ నంబరు (ప్రతి కేసుకూ ఉండే ప్రత్యేక నంబరు) రాసుకుంటే ఈ-కోర్ట్స్ యాప్‌లో వాయిదా తేదీలు తెలుస్తాయి. ఆ తేదీలకే వెళ్లొచ్చు. కోర్టులో కూర్చున్నప్పుడు లాయరు అడిగిన ప్రశ్న ఒక్కటే రాసుకోకండి. సాక్షి ఏ మాట దగ్గర తడబడ్డాడు, జడ్జిగారు ఏ ప్రశ్నను అనుమతించలేదు, డిపోజిషన్‌లో (కోర్టు రాసుకున్న సాక్ష్యంలో) చివరికి ఏ వాక్యం పడింది, అవీ రాయండి. ఫైలింగు విషయంలో మాత్రం మీ గురువు లాయరు కాదు, ఆయన గుమస్తా. వకాల్తా (కక్షిదారు లాయరుకిచ్చే అధికార పత్రం) ఎలా నింపాలి, ఏ కాగితం లేకపోతే దావా వెనక్కి తిరిగొస్తుంది, సర్టిఫైడ్ కాపీకి ఎక్కడ దరఖాస్తు పెట్టాలి, ఇవన్నీ ఆయన చేతి మీదుగా జరిగే పనులు. ఆయన్ని 'అన్నా' అని గౌరవంగా పిలిచి పక్కన కూర్చుంటే పుస్తకంలో లేనిది నేర్పుతారు.

ఇంటర్న్‌షిప్ మూడేళ్ల కోర్సుకు కనీసం 12 వారాలు, ఐదేళ్ల కోర్సుకు 20 వారాలు. ఏ ఏడాదైనా ఏకధాటిగా నాలుగు వారాలకు మించి చేయకూడదు. కాబట్టి ఏడాదికి నాలుగు వారాల చొప్పున పంచుకోవడమే సుళువు. మొదటి ఏడాది వదిలేసినవాళ్లు ఆఖర్లో సర్టిఫికెట్ల కోసం తిరుగుతుంటారు. ట్రయల్ కోర్టు లాయరు దగ్గర, అప్పీళ్లు చేసే లాయరు దగ్గర ఒక్కసారైనా పని చేయాలి. మొదటి ఏడాది జిల్లా న్యాయసేవాధికార సంస్థలో మొదలుపెట్టమంటాను. లోక్ అదాలత్‌లో రాజీలు ఎలా కుదురుతాయో అక్కడ చూస్తే ప్రత్యామ్నాయ పరిష్కారం పేపరు సగం వచ్చేసినట్టే. రెండో ఏడాది ఒంగోలులోనో కావలిలోనో సివిల్ లాయరు దగ్గర. వీలైతే ఆఖరి ఏడాది కొంత కాలం అమరావతిలో హైకోర్టు లాయరు దగ్గర. లాయర్ల దగ్గర పని చేసేటప్పుడు తెల్ల చొక్కా, నల్ల టై, నల్ల కోటు, నల్ల బూట్లు నిబంధనలో ఉన్నవే. డైరీ ఏ రోజుది ఆ రోజే రాయండి.

యూనివర్సిటీ రెగ్యులేషన్స్ పుస్తకంలో మీరు చేరిన వారంలోనే మూడు సంగతులు చూసుకోండి: ఒక్కో పేపరుకు కనీస మార్కులెన్ని, మొత్తం మీద శాతం అడుగుతారా, ఎన్ని సబ్జెక్టులు తప్పితే పై సెమిస్టరుకు పంపరు. ఒక కాలేజీలో సగం చదివి ఇంకో చోట మధ్యలో చేరొచ్చని ధీమా పెట్టుకోవద్దు. అందుకే సీటు తీసుకునే ముందే రాకపోకల లెక్క వేసుకోమంటున్నాను.

డిగ్రీ వచ్చాక ఆంధ్రప్రదేశ్ బార్ కౌన్సిల్లో ఎన్‌రోల్ కావాలి. ఫీజు విషయంలో మోసపోవద్దు. 2024 జూలై 30న సుప్రీంకోర్టు గౌరవ్ కుమార్ కేసులో తేల్చి చెప్పింది: జనరల్ వాళ్లకు 750 రూపాయలు, ఎస్సీ, ఎస్టీలకు 125 రూపాయలు, స్టాంపు డ్యూటీ ఉంటే అది వేరు. ఎన్‌రోల్‌మెంట్ కోసం అంతకు మించి ఏ పేరుతోనూ వసూలు చేయకూడదు. అంతకు ముందు వేలకు వేలు కట్టలేక డిగ్రీ పెట్టెలో దాచుకున్న పేద పిల్లలున్నారు. వాళ్లెవరైనా ఇది చదువుతుంటే మళ్లీ కదలండి.

తర్వాత ఆలిండియా బార్ ఎగ్జామ్, 100 ప్రశ్నలు. జనరల్, ఓబీసీలకు 45 శాతం, ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగులకు 40 శాతం వస్తే పాస్. నోట్సు రాయని బేర్ యాక్టులు లోపలికి తీసుకెళ్లనిస్తారు, అందుకే అవి కొత్తవి కొనమన్నాను. ఈ పరీక్ష చెల్లుతుందని 2023 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం చెప్పేసింది కాబట్టి తప్పించుకునే ఆశ పెట్టుకోవద్దు. అది పాసయ్యాక మీ సన్నదు దేశంలో ఏ కోర్టుకైనా చెల్లుతుంది. మీ జిల్లాకు పేరిచ్చిన టంగుటూరి ప్రకాశం గారు సెకండ్ గ్రేడ్ ప్లీడరుగా (కింది కోర్టుల్లో మాత్రమే వాదించే లాయరుగా) రాజమండ్రిలో మొదలుపెట్టి, పెద్ద కోర్టులో వాదించడానికి ఇంగ్లండు వెళ్లి బారిస్టరు కావాల్సి వచ్చింది. ఆ తరగతుల తేడాలు 1961 అడ్వకేట్స్ చట్టంతో పోయాయి. కందుకూరు కోర్టులోనైనా, సుప్రీంకోర్టులోనైనా వాదించడానికి ఇప్పుడు అదే సన్నదు చాలు.

పూర్తికాల జీతం ఉద్యోగంలో ఉంటూ ప్రాక్టీసు చేయడానికి లేదు. కోటు వేసుకునే రోజున ఒంగోలు ఉద్యోగం వదలాలి, మొదటి రెండు మూడేళ్లు సీనియరు ఇచ్చేదానితో ఇల్లు గడవాలి. దాని గురించి ఇంట్లో ఇప్పుడే మాట్లాడుకోండి. జడ్జి పరీక్ష మీద మనసుంటే ఇంకో విషయం. 2025 మే 20 నాటి సుప్రీంకోర్టు తీర్పు ప్రకారం జూనియర్ సివిల్ జడ్జి పోస్టుకు మూడేళ్ల ప్రాక్టీసు కావాలి. దాన్ని తాత్కాలిక ఎన్‌రోల్‌మెంట్ (బార్ ఎగ్జామ్ పాసవక ముందు జరిగే నమోదు) తేదీ నుంచే లెక్కిస్తారు, పదేళ్ల అనుభవమున్న అడ్వకేటు ఇచ్చి, జిల్లా ప్రధాన న్యాయాధికారి ధ్రువీకరించిన పత్రం వంటిది కావాలి. అందుకని డిగ్రీ రాగానే బార్ ఎగ్జామ్ కోసం ఆగకుండా ముందు ఎన్‌రోల్ అయిపోండి. మీ పేరుతో వేసిన ప్రతి వకాల్తా నకలు తేదీల వారీగా ఒక ఫైలులో పెట్టుకుంటూ ఉండండి.